కొన్న ర్యాంకుకు మెరిట్ అని పేరు

కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు వెతుకుతుంటే ఖమ్మం నుంచి పిన్ని కూతురు ఫోన్. పదో తరగతి పాసైంది. "అన్నా, ఇంటర్‌తో పాటు నీట్ కోచింగ్‌కి అమ్మ కమ్మలు తాకట్టు పెడతానంటోంది. పెట్టమంటావా?"

కోచింగ్ పనిచేయదని అబద్ధం చెప్పలేను. పనిచేస్తుంది, సమస్యే అది. తమిళనాడు ప్రభుత్వం వేసిన జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో ఇదే తేల్చింది: నీట్ కోచింగ్ కొనగలిగినవాళ్లకే అనుకూలం, తమిళ మాధ్యమం పిల్లల వాటా పడిపోయింది. డబ్బుతో కొన్న సాధన 'మెరిట్' అవుతోంది. రిజర్వేషన్ సీటుకు మాత్రం జీవితాంతం సంజాయిషీ చెప్పుకోవాలి.

ప్రైవేటు క్లాసొక్కటే దారి కాదు. బెంగాల్‌లో యోగ్యశ్రీ పథకం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు జేఈఈ, నీట్ శిక్షణ ఉచితంగా ఇస్తోంది. తెలంగాణలో గౌలిదొడ్డి గురుకులం దళిత పిల్లల్ని ఐఐటీలకు, మెడికల్ కాలేజీలకు పంపింది. అక్కడ పనిచేసింది ఫీజు కాదు. మంచి టీచరు, హాస్టల్, కడుపునిండా భోజనం. కానీ అక్కడికీ ప్రవేశ పరీక్షే, సీట్లూ కొన్నే.

"కమ్మలు ఉంచుకోమని చెప్పు. ముందు గురుకులానికి దరఖాస్తు పెట్టు" అన్నాను. ఆ సీట్లు పెంచమని కొట్లాడటం మాత్రం ఆ పిల్ల ఒక్కదాని పని కాదు. యూనివర్సిటీల దాకా వచ్చిన మన పని.