పౌరుషానికి కొలబద్ద

మా సీమలో పౌరుషమన్న మాటకు గిరాకీ ఎక్కువ. మీసం, గొంతు, పంతం ఇవే దాని కొలతలు. చాపాడులో పసిబిడ్డను భుజాన వేసుకొని వీధిలోకి వచ్చిన మగవాణ్ణి చూసి నవ్వేవారు ఇప్పటికీ ఉన్నారు. పౌరుషం తగ్గిందని బెంగపడేవారిని ప్రొద్దుటూరు గోడలమీది మందుల ప్రకటనలు పిలుస్తుంటాయి.

ఆ పౌరుషానికి మూలమనుకొనే టెస్టోస్టెరాన్ మాత్రం వేరే కథ చెబుతుంది. 2011లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 10 మంది యువకులను వారంపాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిస్తే, పగటిపూట ఆ హార్మోను 10 నుంచి 15 శాతం తగ్గింది. పొట్ట పెరిగినా, అతిగా తాగినా తగ్గుతుంది. మగతనపు గుర్తులుగా చెలామణి అవుతున్న జాగారపు పేకాట, తాగుడులే దానికి శత్రువులన్నమాట!

అదే సంవత్సరం ఫిలిప్పీన్స్‌లోని సెబూ యువకులపై ఒక అధ్యయనం వెలువడింది. టెస్టోస్టెరాన్ అధికంగా ఉన్నవారే తండ్రులయ్యే అవకాశం ఎక్కువట. తండ్రులయ్యాక అది బాగా తగ్గిందట. రోజుకు 3 గంటలో, అంతకు మించో బిడ్డలను చూసుకొనే తండ్రులలో, అసలు పట్టించుకోని తండ్రులకన్నా తక్కువగా ఉందట. దీన్ని లోపమని నేననను. పోటీకి సిద్ధమైన దేహం పెంపకానికి సిద్ధపడటమది.

నిజంగా నలత ఉంటే ఉదయంపూట రక్తపరీక్ష చేయించుకొని వైద్యుణ్ణి అడగాలి, గోడను కాదు. సొంతంగా వేయించుకొనే టెస్టోస్టెరాన్ సూదులు వీర్యకణాల ఉత్పత్తినే అణచివేస్తాయి. సంతానం కోరి చేసిన పని సంతానానికే అడ్డమవుతుంది.

బిడ్డ నెత్తుకొన్న తండ్రిని చూసి నవ్వేవారిని నేనడిగేదొక్కటే: నిద్రపోతున్న పసిదాని బరువు మోయలేని పౌరుషం ఎవరికి కావాలి?