మందు కొట్లోకి తుపాకీ ఎందుకు?

తమిళనాట మనకు తెలిసిందే: 2003 నుంచి చిల్లర మద్యం కొట్లు సర్కారువే, టాస్మాక్ పేరుతో. అమెరికాలోని పెన్సిల్వేనియాలో కూడా 1933లో పెట్టిన సర్కారు బోర్డు మద్యం కొట్లు నడుపుతోంది. అయితే అక్కడ లైసెన్సు ఉంటే తుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. ప్రైవేటు కొట్టు యజమాని "తుపాకీతో నా కొట్లోకి రావద్దు" అంటే మాత్రం బయటికి పోవాల్సిందే. మరి సర్కారు కొట్టు ఎవరిది? జనం సొత్తు కాబట్టి మేనేజరు ఇష్టం చెల్లదని కొందరి వాదన. అందులో న్యాయం ఉందని మేమూ ఒప్పుకుంటాం. కానీ గల్లా దగ్గర కూర్చున్న ఉద్యోగిదీ ప్రాణమే కదా! అందుకే మేమనేది, ఈ నిర్ణయం మేనేజరుకి వదలకుండా చట్టసభే చట్టం చేసి తేల్చాలి. మందు కొనే పది నిమిషాలు తుపాకీ ఇంట్లో ఉంటే ఎవరి హక్కూ తరిగిపోదు.