డేగ గూటికి దారి

సాయంత్రం అయిదున్నర దాటాక నర్సీపట్నంలో ఏ మేడ ఎక్కినా వాయవ్యాన చింతపల్లి కొండలు నీలం తిరిగి కనిపిస్తాయి. ఈ మధ్య అలాంటి ఒక మేడ మీద ఎండిన బట్టలు తీస్తూ ఒక మామ్మ, పిట్టగోడకు మోచేతులు ఆనించి ఫోనులో మునిగిన మనవడు. పిట్టగోడ అన్న పేరు పిట్టల వల్లే వచ్చిందో లేదో గానీ, ఆ వేళకు ఆ గోడ వాటిదే. రెండు గోరువంకలు అప్పటికే చివరన కూర్చుని ఏదో తగువు తీర్చుకుంటున్నాయి. పైన సన్నగా ఒక హోరు.

"ఏట్రా అది?"

"హైదరాబాదు నుంచి విశాఖపట్నం పోతోంది మామ్మా. ఎయిర్‌బస్ ఏ320. పదకొండు వేల అడుగుల ఎత్తులో ఉంది."

మామ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "అది సరేగానీ, దాని కింద బారు కట్టి పోతున్నాయే, అవేటి?"

"కొంగలు."

"ఏం కొంగలు?"

వాడు ఫోను వంక చూశాడు. ఫోనులో కొంగలు లేవు.

నర్సీపట్నానికి విమానం లేదు. ఆ మాటకొస్తే రైలూ లేదు. ఊరి పేరు పెట్టుకున్న నర్సీపట్నం రోడ్ స్టేషను సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, తునికీ యలమంచిలికీ నడుమ మెయిన్ లైను మీద ఉంది. బస్సు దిగి రైలెక్కి, రైలు దిగి ఆటో ఎక్కితే గాని విమానం దగ్గరకు పోలేని ఊరు. కానీ మ్యాపు మీద శంషాబాదు నుంచి విశాఖ విమానాశ్రయానికి స్కేలు పెట్టి గీత గీయండి. అది దాదాపు ఈ ఊరి నడినెత్తి మీదుగా పోతుంది. విశాఖ ఇంకా అరవై, అరవై అయిదు కిలోమీటర్లు ఉందనగా విమానం కిందికి దిగుతుంటుంది. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్ళు కావాలని పైలట్లు వేసుకునే మోటు లెక్క ఒకటుంది. ఆ లెక్కన మన నెత్తి మీదికి వచ్చేసరికి పది పదకొండు వేల అడుగుల్లో ఉండాలి. కుర్రాడి ఫోను చెప్పిందీ అదే. లోపల కూర్చున్నవాళ్ళు అప్పుడప్పుడే బెల్టులు సర్దుకుంటూ ఉంటారు. కింద ఒక మామ్మ చీర మడత పెడుతూ తమను చూస్తోందని వాళ్ళకేం తెలుసు?

ఫోనుకు ఇవన్నీ ఎలా తెలుస్తాయంటే, విమానమే చెబుతుంది కాబట్టి. ఈ కాలపు విమానాలు నేను ఫలానా, ఇక్కడున్నాను, ఇంత ఎత్తులో ఇంత వేగంతో పోతున్నాను అని 1090 మెగాహెర్ట్జ్ మీద సెకను సెకనుకూ చాటింపు వేసుకుంటూ పోతాయి. చిన్న యాంటెన్నా, చవక రిసీవరు ఉంటే ఎవరైనా వినవచ్చు. ప్రపంచమంతటా ఔత్సాహికులు మేడల మీద అలా విని పంచుకున్నదే మన ఫోనులో పసుప్పచ్చ విమానం బొమ్మగా కదులుతుంది. ఈ సరదా కొందరిని కష్టాల్లోకీ దించింది. 2001లో గ్రీసులోని కలమాటా వైమానిక స్థావరం దగ్గర విమానాల నంబర్లు రాసుకుంటున్న బ్రిటిష్, డచ్ దేశస్థులను గూఢచారులని పట్టుకున్నారు. మరుసటి ఏడాది అప్పీలులో గాని బయటపడలేదు. ఎవరి మేడ మీద వాళ్ళు నిలబడి చూసుకోవడం మేలు.

పక్షులూ చాటింపు వేస్తూనే పోతాయి. వినే రిసీవరు మన ఇళ్ళలో ఒకప్పుడు ఉండేది. పశువుల వీపు మీద ఊరేగే నల్లటి పిట్ట పసులపోలిగాడు. కంచెల గుబురుల్లో ఎర్రటి కళ్ళతో నడిచేది జెముడుకాకి. చెట్టెక్కి ఈలపాట పాడేది సారెలగాడు. పేరు పెట్టిన తీరులోనే ఎంత చనువు చూడండి, పిట్టను గాడు అని పిలవడానికి అది రోజూ పెరట్లో తిరిగేదై ఉండాలి. ఇప్పుడు ఇవన్నీ కలిపి పిట్ట అయిపోయాయి. తెల్లగా ఉంటే కొంగ. మరీ పెద్దదైతే సైబీరియా నుంచి వచ్చిన పక్షి. సైబీరియా మొహం ఎన్నడూ చూడని గూడబాతులు కూడా మన పత్రికల్లో ఏటా అక్కడినుంచే దిగుతుంటాయి. ఇందులో మా వృత్తివాళ్ళ పాపం కొంత ఉంది.

మామ్మ చెప్పింది ఆ సాయంత్రం. మెడ ముడుచుకుని పోతే పశువుల కొంగ. మెడ ముందుకు చాపి, కాళ్ళు వెనక్కి చాపి కర్రలా పోతే నత్తగుల్ల కొంగ. తోక చీలి ఉంటే గద్ద. గుండ్రంగా ఉండి, ఒళ్ళు ఇటుకరంగు, తల తెలుపైతే గరుడపక్షి, దానికైతే దణ్ణం పెట్టుకోవాలి. కుర్రాడు ఊరుకోలేదు. రెక్కలు వీపు మీద మోస్తూ పంకాలు తిప్పుకుంటూ పోతే ఏటీఆర్, రెక్కల కింద రెండు ఇంజన్లుంటే ఎయిర్‌బస్ గాని బోయింగ్ గాని, అని తన పాఠం తనూ చెప్పాడు. రాత్రయితే దీపాలు చూడాలట. ఎడమ రెక్క కొసన ఎరుపు, కుడి కొసన ఆకుపచ్చ. మనకు ఎరుపు కుడిచేతి వైపు కనిపిస్తే విమానం మన మీదికే వస్తోందన్నమాట. ఇద్దరి విద్యా ఒకటే. దూరాన నడిచే మనిషిని మొహం కనబడకముందే పోల్చుకుంటామే, ఆ వాలకం పట్టే విద్య. కింద పెరట్లో కోడిపెట్టకు అది పుట్టుకతో వచ్చింది. తల పక్కకు వాల్చి ఒంటికన్నుతో ఒక్కసారి ఆకాశం చూస్తుంది. గద్దయితే ఒక కేక, పిల్లలు రెక్క కిందికి. ఎయిర్‌బస్‌ను కూడా అదే కంటితో చూసి మళ్ళీ చెత్త కెలుక్కుంది.

నర్సీపట్నం మీదుగా దిగే ఆ విమానాలు వాలేది కూడా డేగ గూట్లోనే. విశాఖలో పౌర విమానాలు దిగుతూ వచ్చిన రన్‌వే నౌకాదళానిది. ఆ స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగ. నౌకాదళం తన వైమానిక స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టుకుంటుంది. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో రాజాలి, ముంబైలో శిక్రా. ఆ వరసలో మన తెలుగు డేగ ఒకటి. పిలిచి పెట్టుకునేంత ప్రేమ ఉన్నా పక్కన ఎగిరితే మాత్రం ఒప్పుకోరు. ఇంజనులో పక్షి పడితే ఏమవుతుందో తెలుసు కనుక, విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు బయట చెత్త వేయడాన్నీ, జంతువుల్ని కోయడాన్నీ 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది నిషేధించింది. గద్దను దూరంగా ఉంచాలంటే గద్దతో మాట్లాడలేరు, మనతోనే మాట్లాడాలి. ఇక భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట నర్సీపట్నానికి పక్కనే. డేగ గూటికైతే దారి ఈ ఊరి మీదుగానే.

చింతపల్లి దారిలో ఘాటెక్కితే లంబసింగి. చలికాలం పొగమంచు కోసం కార్లు బారులు తీరే ఈ లంబసింగి మన పర్యాటకులకంటే ముందు పక్షుల వాళ్ళకు తెలుసు. ఈ తూర్పు కనుమల్లో ఏ కాలంలో ఏ పక్షి ఉంటుందో ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రజ్ఞుడు 1979లో ఒక పెద్ద వ్యాసం రాశారు. విశాఖకు చెందిన ప్రకృతి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ అడవుల్లో ఏళ్ళ తరబడి తిరిగారు. హిమాలయ పాదాల దగ్గర, ఈశాన్యంలో, ఆ పైన ఆగ్నేయాసియాలో ఉండే అబట్స్ బాబ్లర్ అనే గోధుమరంగు పిట్ట, ఎక్కడా లేనట్టు ఇక్కడ విడిగా బతుకుతోందని తేలింది. 1985లో దాని ఉపజాతికి శాస్త్రీయ నామంలో కృష్ణరాజుగారి పేరే చేర్చారు. మన కొండల్లోని ఒక పిట్ట ప్రపంచ గ్రంథాల్లో తెలుగువాడి పేరుతో తిరుగుతోంది. దానికి తెలుగు పేరు మాత్రం ఎవరూ పెట్టినట్టు లేదు.

కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 25 నుంచి ఈ ఆకాశంలో ప్రయాణికుల విమానాలు లేవు. మే 26న మన రాష్ట్రంలో మళ్ళీ మొదలయ్యాయి. ఆ రెండు నెలలూ మేడలెక్కినవాళ్ళు ఎక్కువ, పైన చూడడానికి మిగిలింది పక్షులే. పొద్దున్న తొమ్మిది దాటి నేల వేడెక్కి గాలి పైకి లేచాక గద్దలు ఒక్క రెక్క ఆడించకుండా సుడులు తిరుగుతూ ఎంత ఎత్తుకు పోతాయో చాలామంది అప్పుడే చూశారు. ఆ అలవాటు ఎందరికి మిగిలిందో. అంతకుముందు 2013లో నాగాలాండ్‌లో ఉపగ్రహ పరికరం కట్టి వదిలిన అముర్ డేగలు బంగాళాఖాతం దాటి ఆంధ్ర మీదుగా అరేబియా సముద్రం వైపు, అటునుంచి ఆఫ్రికాకు పోయాయి. బరువు నూట యాభై గ్రాముల చిల్లర. టికెట్టు లేదు, మధ్యలో హాల్టూ లేదు.

చీకటి పడింది. బట్టల మూట చంకన పెట్టుకుని మామ్మ మెట్ల దాకా వెళ్ళింది. చెరువు వైపు నుంచి ఏదో గొంతు, ఆగి ఆగి, ఎవరినో గద్దిస్తున్నట్టు. కుర్రాడు ఈసారి ఫోనును గాల్లోకి ఎత్తాడు. పక్షుల గొంతు పోల్చే యాప్ కూడా ఉంది వాడి దగ్గర. కాసేపు విని, "రెడ్ వాటిల్డ్ ల్యాప్‌వింగ్ అట మామ్మా" అన్నాడు.

"తీతువురా. రాత్రిపూట దాని కూత వినకూడదు, లోపలికి రా."

"ఎక్కడికి పోతోందంటావ్?"

"అదెక్కడికి పోద్ది? ఈ ఊరిదే."