ద్వారపాలకుడు మింగిన సకారం

ముప్పయ్యేళ్ళు తెలుగు పండితుడిగా పిల్లల ఉచ్చారణ దిద్దినవాణ్ణి. విదేశంలో ఉన్న మనుమరాలికి ఫోనులో పాఠం చెబుతూ, "సరము అనమంటే శరము అంటావేమి?" అని పలుమార్లు గద్దించాను. ఒకనాడు నంబరు నొక్కకుండా యాప్ ద్వారా నేరుగా మాట్లాడాము. ఆ బిడ్డ రెండు మాటలనూ ముత్యాలవలె పలికింది! నాలుక అదే, చెవి అదే. మారినదల్లా నడుమనున్న గేట్‌వే ఒక్కటే.

అంతర్జాలపు పిలుపును టెలిఫోను వ్యవస్థకు అప్పగించే ద్వారపాలకుడే గేట్‌వే. నంబరు మొదటి అంకెలను చూసి దారి నిర్ణయిస్తాడు. దారులు పలు ఉంటే తరచు చవకదానికే మొగ్గుతాడు. ఆపైన గొంతును ఏ కోడెక్‌లో మూటగట్టాలో తన జాబితా వరుసను బట్టి అవతలివాడితో బేరమాడతాడు. ఆ వరుసను వ్రాసేది మనిషి. నా తగవు అతనితోనే.

1972 నాటి జి.711కు సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. 1996లో వచ్చిన జి.729కు 8 చాలు. ఎనిమిదో వంతే గదా అని దీనిని జాబితా తలమీద కూర్చోబెడతారు. ఎంత భ్రమ! 20 మిల్లీసెకన్ల మాటకు పట్టేది 20 బైట్లు. దానికి తగిలించే చిరునామాలు వగైరా 40 బైట్లు. ఉత్తరం కన్నా కవరు రెట్టింపు బరువు! అంతా కలిపితే 80కి బదులు 24. ఎనిమిది రెట్లనుకున్న ఆదా మూడు రెట్ల పైచిలుకు దగ్గరే ఆగిపోయింది.

జి.711 కూడా నిర్దోషి కాదు. అది మోసేది సుమారు 300 నుండి 3400 హెర్ట్జుల వరకే. సకారపు బలమో, అధికభాగం 4000కు పైన! "అర్థమైతే చాలదా?" అంటారు. బేరసారాలకు చాలును; అక్షరాభ్యాసానికి చాలదు. 1988లోనే వచ్చిన జి.722 అదే 64 కిలోబిట్లలో 7000 హెర్ట్జుల దాకా మోస్తున్నది.

పాత రాగితీగ మీదికి దిగే పిలుపుకు ఇరుకు తప్పదని ఒప్పుకుంటాను. కాని మా ఇంటి ఫోను ఫైబరుదే, అమ్మాయిదీ అంతర్జాల ఫోనే. రెండు కొసలా రాజమార్గముండగా నడుమ సందులోకి మళ్ళించడాన్ని నిర్లక్ష్యమనక ఏమనాలి?

గేట్‌వేలు అమర్చే అయ్యలారా! మీలో తెలుగు బిడ్డలెందరో ఉన్నారు. వీలున్నచోటనైనా విశాలమైన కోడెక్‌ను వరుసలో ముందుంచండి. గద్దించినందుకు మనుమరాలిని నేను క్షమాపణ వేడుకున్నాను. ఇక మీ వంతు.