రైతుకు ఏడు రోజులు, సర్కారుకు ఎన్నేండ్లు?

మాక్లూర్ అడ్డ మీద చాయ్ తాగుకుంట పేపర్ చదివే అలవాటు మా దోస్తులకు ఇప్పటికీ పోలేదు. జిల్లా పేజీలో ఎన్నిసార్లు చూసినా ఒకే తీరు ఫొటో. టేబుల్ మీద ఐదొందల నోట్లు పరిచి ఉంటయి, పక్కన సీసాలల్ల గులాబీ రంగు నీళ్లు, వెనుక తల దించుకొని ఒక సారు. పేరు మారుతది, ఆఫీసు మారుతది, ఫొటో మాత్రం మారదు. "దొరికిండు బిడ్డ" అని ఎవరో ఒకరంటరు. పక్క బల్ల మీద కూసున్న పెద్దమనిషి పేపర్ దిక్కు చూడకుంటనే జవాబిస్తడు: "రెండేండ్లకు మళ్ల గసొంటి కుర్చీలనే కనవడ్తడు తియ్యి."

ఆ మాటకు చాలాసార్లు నవ్వి ఊకున్నం. ఈ వారం ఊకోదలచుకోలేదు. గులాబీ నీళ్ల ఫొటో అచ్చయిన తెల్లారి నుంచి ఆ కేసు ఏ దారిన పోతదో పేపర్లల్ల రాదు. పట్టుకున్న దినం పెద్దక్షరాలు, వదిలిన దినం ఒక్క లైను ఉండదు. మా పేపరోళ్ల తప్పు కూడ ఇందులో ఉన్నది, ఒప్పుకుంటున్నం. లంచగొండి అధికారికి శిక్ష తగ్గించే బేరం ఎక్కడ కుదురుతది, ఎవరు కుదురుస్తరు, దానికి మన దగ్గర ఏం పేరు పెట్టుకున్నరు? ఈ మూడు ముచ్చట్లు బాజాప్తా మాట్లాడుకోవాలె.

మాకు ఎరుకైన ఒక రైతు సంగతి చెప్తం. ఊరు పేరు, ఆఫీసు పేరు రాయం. ఆయనే వద్దన్నడు. తండ్రి పోయినంక రెండెకరాల పసుపు చేను తన పేరు మీదికి మార్చుకోవాలె. ఆరు నెలలు తిప్పిన్రు. ఆఖరికి ఎనిమిది వేలు అడిగిన్రు. కోపమొచ్చి 1064 నంబరుకు ఫోన్ కొట్టిండు. ఏసీబీ వాళ్లు వచ్చిన్రు, నోట్లకు పొడి పూసి ఇచ్చిన్రు, సారు చేతులు సోడా నీళ్లల్ల ముంచితే నీళ్లు గులాబీ రంగు తిరిగినయి. రైతు ఆ రాత్రి నిమ్మళంగ పండుకున్నడు. ఏడాదిన్నర దాటినంక వేరే పని మీద ఇంకో ఆఫీసుకు పోతే ఎదురుంగ కుర్చీల ఆ సారే! సస్పెన్షన్ ఎత్తేసి పోస్టింగ్ ఇచ్చిన్రు. సారు ఒక్క మాట గూడ అనలేదట. "బాగున్నవానె" అని నవ్విండట. ఆ నవ్వుకే రైతు గుండె జారింది. రేపు కోర్టుల సాక్ష్యం చెప్పుమంటే చెప్తవా అని మేమడిగినం. మా మొఖం దిక్కు చూడలేదు, చేను దిక్కు చూసిండు.

ఇట్లాంటి సాక్షులు తర్వాత మాట మారుస్తరు. మారిస్తే కేసు కూలిందని వకీళ్లు సంబరపడుతరు. 2022 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక మంచి మాట చెప్పింది. ఫిర్యాదుదారు మాట మార్చినా, చచ్చిపోయినా, మిగిలిన సాక్ష్యాధారాలతోని లంచం అడిగిన సంగతి రుజువైతే శిక్ష వేయవచ్చునని తేల్చింది. సంతోషం. అయితే కేసు కోర్టు మెట్లెక్కితే గద ఆ తీర్పు పనికొచ్చేది!

ఎక్కకుంట ఆపే తలుపు ఎక్కడున్నదో చూడుండ్రి. అవినీతి నిరోధక చట్టం 1988ది. 2018ల దాన్ని సవరించిన్రు. అంతకుముందు, లంచం ఇచ్చిన అని వాంగ్మూలం చెప్పినోనికి 24వ సెక్షన్ కింద రక్షణ ఉండె. దాన్ని పీకేసిన్రు. ఇప్పుడు లంచం ఇచ్చుడు కూడ నేరమే. బలవంతం మీద ఇయ్యాల్సి వస్తే ఏడు రోజుల్లోపట పోయి ఫిర్యాదు చేసుకోవాలె. ఎనిమిదో రోజు పోతే రైతే ముద్దాయి కావచ్చు. మరి అదే చట్టంల సర్కారుకు గడువెంత? అధికారిని కోర్టుకు ఎక్కించాలంటే 19వ సెక్షన్ కింద సర్కారు అనుమతి కావాలె. ఆ అనుమతి మూడు నెలల్లో తేల్చాలె. న్యాయ సలహా కావాలంటే ఇంకో నెల. ఈ గడువు తప్పనిసరి అని, ఆలస్యం చేసినోళ్లు జవాబు చెప్పాల్సిందే అని 2022 అక్టోబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యమైందని కేసు మాత్రం కొట్టెయ్యొద్దన్నది. బాగున్నది. ఫైలు తొక్కిపెట్టినందుకు ఫలానా అధికారి జీతంల ఒక్క రూపాయి కోసిన్రని ఎవరన్న విన్నరా? మేం వినలేదు. రైతు గడువు దాటితే ముద్దాయి, సర్కారు గడువు దాటితే "పరిశీలనలో ఉన్నది". రిటైరైనోళ్లకు కూడ ఈ అనుమతి గొడుగు పట్టింది 2018 సవరణే.

ఇగ అసలు బేరం. ఏసీబీ దర్యాప్తు చేసి నివేదిక సర్కారుకు పంపుతది. అక్కడ ఫైలు ముందల మూడు తొవ్వలుంటయి. ఒకటి కోర్టు. లంచం రుజువైతే మూడేండ్లకు తక్కువ కాకుంట, ఏడేండ్ల దాకా జైలు, పైన జరిమానా. రెండోది 1960 నాటి చట్టంతోని పెట్టిన క్రమశిక్షణ చర్యల ట్రిబ్యునల్. మూడోది శాఖాపరమైన విచారణ. ఈ మూడో తొవ్వల జైలు అనే మాటే లేదు. ఇంక్రిమెంట్లు ఆపుడు, ఒక మెట్టు దించుడు, పింఛన్ల కొంత కోత, ఇంక దయ తలిస్తే ఒక మందలింపు కాయితం. ఉద్యోగం తీసేసే అధికారం కూడ ఉన్నది, అది ఎంత అరుదో ఉద్యోగ మిత్రులకే బాగ ఎరుక. విచారణ చేసేది ఎవరు? అదే శాఖల పై అధికారి. నిన్నటి దాక ఒకే జీపుల తిరిగినోళ్లు. మొదటి తొవ్వల పోవాల్సిన ఫైలును మూడో తొవ్వకు మళ్లించే సంతకమే మన దగ్గరి బేరం. దానికి జడ్జి లేడు, వాదన లేదు, తీర్పు కాపీ లేదు. నోట్ ఫైల్ల నాలుగు లైన్లు ఉంటయి. ఏసీబీ కేసులు ఇట్ల నీరుగారుతున్నయని సుపరిపాలన వేదిక పద్మనాభరెడ్డి ఎన్నిసార్లు లేఖలు రాసిండో లెక్కలేదు. లేఖలు కూడ ఫైళ్లల్లనే పండుకున్నట్టున్నయి.

బయటి దేశాలల్ల ఈ బేరం నలుగురి ముందల జరుగుతది. పాకిస్తాన్ ముచ్చట చూడుండ్రి. 2016 మే నెలల బలూచిస్తాన్ ఆర్థిక శాఖ కార్యదర్శి ముష్తాక్ రైసానీ ఇంటి మీద నాబ్ అనే అవినీతి నిరోధక సంస్థ దాడి చేస్తే, 60 కోట్లకు పైన పాకిస్తాన్ రూపాయల నోట్ల కట్టలు దొరికినయి. టీవీలల్ల ఆ కట్టలు చూసి జనం నోరెళ్లబెట్టిన్రు. అదే ఏడాది డిసెంబర్ల నాబ్, సుమారు 200 కోట్లు తిరిగి కట్టే ఒప్పందానికి సరేనన్నది. దేశం అంతా మండిపోయింది. దోచుకున్న దాంట్ల కొంత కట్టి ఇంటికి పోవచ్చునంటే ఇగ దొంగతనం వ్యాపారమే గద అని అడిగిన్రు. నెల తిరగకముందే, 2017 జనవరిల, ఇట్ల సొమ్ము కట్టి బయటపడేటోళ్లు జీవితాంతం కొలువుకు, పదవికి పనికిరారని ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

నైజీరియాల ఇంకా ఘోరం. పోలీసు పింఛన్ల సొమ్ము వందల కోట్ల నైరాలు మింగిన కేసుల జాన్ యూసుఫు అనే అధికారి తప్పు ఒప్పుకుంటే, 2013 జనవరిల అబూజా కోర్టు రెండేండ్ల జైలు లేదా ఏడున్నర లక్షల నైరాల జరిమానా అన్నది. ఆయన అక్కడికక్కడే జరిమానా కట్టి పోయిండు. జనం వీధులకెక్కిన్రు. ఆ తీర్పు ఇచ్చిన జడ్జిని న్యాయమండలి ఏడాదిపాటు పక్కన పెట్టింది. 2018ల అప్పీలు కోర్టు ఆరేండ్ల జైలు వేసి, 2,200 కోట్లకు పైన నైరాలు కక్కుమన్నది. ఆ దేశాల పాలన గొప్పదని మేమనం. బేరం కండ్ల ముందల జరిగింది కాబట్టి జనానికి గల్లా పట్టి అడిగే వీలు దొరికింది, గంతే.

మన చట్టంల కూడ కోర్టు బేరం ఉన్నది. 2006 జులై 5 నుంచి అమల్లకొచ్చింది, 2024 జులై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితల కొనసాగుతున్నది. ఏడేండ్లకు మించి జైలు పడే నేరాలకు, స్త్రీల మీద, పిల్లల మీద చేసిన నేరాలకు, దేశ సామాజిక ఆర్థిక స్థితిని దెబ్బతీసేటివని కేంద్రం ప్రకటించిన నేరాలకు అది చెల్లదు. 2007ల ముంబైల రిజర్వు బ్యాంకు గుమాస్తా ఒకాయన, కోటిన్నర దాక కాజేసిన ఆరోపణ మీద, ఈ బేరం అడిగిండు. సీబీఐ వద్దన్నది, కోర్టు కుదరదన్నది. అంటే జడ్జి ముందల అడిగితే దొరకని బేరం ఫైల్ల అడుగకుంటనే దొరుకుతున్నదన్నట్టు.

మన జిల్లా సంగతికొద్దాం. బోధన్ వాణిజ్య పన్నుల ఆఫీసుల నకిలీ చలాన్ల కుంభకోణం 2017ల బయటపడ్డది. వ్యాపారులు పన్ను కట్టినట్టు చలాన్లున్నయి, ఖజానాల పైసలు లేవు. సీఐడీ వచ్చింది, తర్వాత ఈడీ వచ్చింది, అధికారుల పేర్లు, సిబ్బంది పేర్లు కేసుల ఎక్కినయి. పోయింది వందల కోట్లని లెక్కలు చెప్పిన్రు. అదే బోధన్ల షక్కర్ నగర్ చిమ్నీ చల్లారి పదేండ్లు దాటింది. 2002ల నిజాం షుగర్స్‌ల 51 శాతం వాటా ప్రైవేటోళ్లకు అమ్మిన్రు. 2004 తర్వాత వేసిన శాసనసభ సభా సంఘమే ఆ అమ్మకంల ధర తక్కువ కట్టిన్రని తప్పు పట్టింది. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతపడ్డది. ధర కట్టిన సార్లల్ల ఎవరికి ఏం శిక్ష పడ్డదో కార్మికులను అడుగుండ్రి, చెప్పెటోడు మాకు ఇప్పటిదాక దొరకలేదు. 2024 ఆగస్టుల నిజామాబాద్ నగరపాలక సంస్థ సూపరింటెండెంట్ ఒకాయన ఇంట్ల 2.93 కోట్ల నగదు దొరికిందని ఏసీబీ ప్రకటించింది. ఆయన దోషా కాదా కోర్టు తేల్చాలె. మేమడిగేది కోర్టునే తేల్చనియ్యుమని.

కోపం దారి తప్పిన దినం కూడ చూసినం. 2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్ మెట్‌ల తహసీల్దార్ విజయారెడ్డిని ఆఫీసులనే పెట్రోల్ పోసి కాలబెట్టిండొకడు. కాపాడబోయిన డ్రైవర్ కూడ పోయిండు. అప్పుడు "మంచిగైంది" అన్నోళ్లు మా నడుమ కూడ ఉండిరి. వాళ్లతోని మేం కొట్లాడినం, ఇప్పుడు కూడ కొట్లాడుతం. ఆమె మీద ఏ కోర్టూ ఏ నేరం రుజువు చేయలేదు. మరుసటి ఏడాది 2020 సెప్టెంబర్ల సర్కారు వీఆర్‌వో వ్యవస్థనే రద్దు చేసింది, తర్వాత ధరణి తెచ్చింది. 2025ల ధరణి పోయి భూభారతి వచ్చింది, ఊరికి మళ్ల గ్రామ పాలనాధికారి వచ్చిండు. కుర్చీలు మార్చిన్రు, కొలువుల పేర్లు మార్చిన్రు. తిన్నోనికి శిక్ష అనే ముచ్చట ఒక్కటి మాత్రం మార్చలేదు.

ఉద్యోగ మిత్రులారా, మీతోని ఒక మాట. 2011ల 42 దినాల సకల జనుల సమ్మెల జీతాలు వదులుకొని మీరు రోడ్డు మీద కూసుంటే మేం విద్యార్థులుగ మీ పక్కన కూసున్నం. ఆ దినం పల్లెలోళ్లు మీకు బువ్వ వండిపెట్టిన్రు. ఆ పల్లెలోళ్ల కొడుకే ఇయ్యాల ఎనిమిది వేలకు తిరుగుతున్నడు. మీలో నూటికి ఎందరో నిజాయితీగ పనిచేస్తున్నరు, ఒప్పుకుంటం. ట్రాప్‌ల దొరికినోడు తిరిగొచ్చి మీ పక్క సీట్ల కూసుంటే నష్టం మీకే ఎక్కువ. లంచం తీసుకోనోడు పిచ్చోడైతడు, తీసుకున్నోడు తెలివిగల్లోడైతడు. మరి సస్పెన్షన్ ఎత్తేయించనీకి పైరవీకి పోయే సంఘం లీడర్లను మీరెందుకు ఆపరు? తప్పుడు కేసుల ఇరికించిన్రంటరా, అట్లాంటివి ఉంటయి, కాదనం. తప్పుడు కేసైతే కోర్టుల నిర్దోషిగ బయటకు రానియ్యిండ్రి. 2018 సవరణ ప్రకారం రెండేండ్లల్ల విచారణ ముగించే యత్నం చెయ్యాలె, ఎంత సాగదీసినా నాలుగేండ్లు దాటొద్దు. నిర్దోషికి గంతకన్న మంచి తొవ్వ లేదు. శాఖాపరమైన విచారణల బయటపడ్డోని మీద మచ్చ పోదు, అది మీకూ తెలుసు.

మేము ఈ సోమవారం సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నం. పది రూపాయల ఫీజు, నాలుగు ప్రశ్నలు. 2014 జూన్ 2 నుంచి ఇప్పటిదాక ఉమ్మడి నిజామాబాద్ జిల్లాల ఏసీబీ పెట్టిన కేసులెన్ని? వాటిల్ల కోర్టుకు అనుమతి ఇచ్చినవెన్ని, ఎన్ని నెలలకు ఇచ్చిన్రు? శాఖాపరమైన విచారణకు మళ్లించినవెన్ని, ఆ ఫైలు మీద సంతకం పెట్టింది ఏ హోదా అధికారి, రాసిన కారణమేంది? తిరిగి పోస్టింగ్ ఇచ్చినోళ్లు ఇప్పుడు ఏ కుర్చీలల్ల ఉన్నరు? చట్టం ప్రకారం 30 దినాల్లో జవాబు రావాలె. వచ్చిన కాయితం వచ్చినట్టు ఈ పేజీలనే అచ్చేస్తం. రాకపోతే ఆ ఖాళీ జాగను ఖాళీగనే వదిలి అచ్చేస్తం. మీ మండలాలల్ల కూడ ఇవే నాలుగు ప్రశ్నలు రాసి పెట్టుండ్రి. నమూనా కాయితం కావాలంటే మాక్లూర్ అడ్డ మీద చాయ్ హోటల్‌ల ఇచ్చిపెట్టినం, జిరాక్స్ తీసుకోవచ్చు. ఆ రైతు కూడ ఒక కాపీ తీసుకపోయిండు. సంతకం పెట్టేది ఇంకా అనుకోలేదట.