గంగజాతరను చూచి నవ్వు సహోదరులకు

ఏటేట మే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర జరుగునని మన వడమాలపేట పల్లెలలో ఎరుగనివారు లేరు. మగవారు చీరలు కట్టి వీధుల తిరుగుట చూచి మనలో కొందరు నవ్వుదురు. నవ్వకముందు దాని కథ వినుడి.

పూర్వమొక పాలెగాడు స్త్రీలను చెరుపుచుండెనట. గంగమ్మ శిక్షింప పూనగా వాడు పారి దాగెను. ఆమె బైరాగి, బండ, తోటి వేషములతో వెదకి, తుదకు దొర వేషము వేయగా, నిజముగా దొరయే వచ్చెనని నమ్మి వాడు వెలికి వచ్చి తల పోగొట్టుకొనెనట.

మనము గంగమ్మను పూజింపము, బలి యియ్యము. సరియే. అయితే ఆ కథలోని స్త్రీల మొర అబద్ధమా? అమ్నోను తామారును చెరిపినప్పుడు దావీదు కోపపడెనే గాని న్యాయము తీర్చలేదు (2 సమూయేలు 13). మన సంఘపెద్దలు ఆపాటి కోపమైనను పడుచున్నారా? 1961లోనే వరకట్నమును చట్టము నిషేధించెను. దానిని కానుకయని పుచ్చుకొని ప్రభువు బల్లయొద్దకు వచ్చువారు మనలో లేరా? త్రాగి భార్యను కొట్టినవాడు ఆదివారము ముందు వరుసలో కూర్చుండుట లేదా? అడిగినచో, ఇంటిగుట్టు అందురు.

పొరుగువారు పాలెగాని పతనమును ఏటేట తలంచుకొనుచున్నారు. మనమో, మన పాలెగానికి గుడిలో కుర్చీ వేయుచున్నాము. మనకు కత్తి అక్కరలేదు. ఆ కుర్చీ తీసి, ఏడ్చుచున్న సహోదరి మొర ఆలకించుడి. జాతర మాట తరువాత.