మినహాయింపు పోయిన యింటి పన్ను

ఇల్లొకరు అమ్మిరి; మరియొకరు కొనిరి. అమ్మినవారు తాము వసింపని యింటికి స్వనివాసమను పేర పన్ను మినహాయింపు ననుభవించి యుండిరి. విక్రయానంతరము అధికారులు మేల్కొని యా మినహాయింపును త్రోసిపుచ్చిరి. గడచిన సంవత్సరముల బాకీ నెవరు చెల్లింపవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిచిగన్ రాష్ట్రమున నీ ప్రశ్న తలయెత్తుచున్నది. డిట్రాయిట్ పరిసరములందలి ట్రాయ్, నోవై, కాంటన్ పట్టణములలో తెలుగు కుటుంబము లనేకము స్థిరపడియుండుటచే నిది మనకు దూరపు సంగతి కాదు. ఆ యిండ్లకు సొమ్ము సమకూర్చిన తండ్రులు మా పాఠకులలోను ఉందురు.

1994 సంవత్సరమున మిచిగన్ ప్రజలు వోటు ద్వారా ఆమోదించిన 'ప్రపోజల్ ఎ' పాఠశాలల వ్యయభారమును చాలవరకు ఆస్తి పన్నునుండి అమ్మకపు పన్నునకు మరల్చినది. అమ్మకపు పన్ను నూటికి 4 నుండి 6 కు పెరిగెను. యజమాని స్వయముగా నివసించు ముఖ్యనివాసమునకు పాఠశాలా నిర్వహణపు పన్ను తొలగింపబడెను. అద్దె యిండ్లకు మాత్రము వేయి డాలర్ల పన్ను విలువకు 18 డాలర్ల వరకు నది నిలిచినది. లక్ష డాలర్ల పన్ను విలువగల యింటికి భేదము సాలునకు 1,800 డాలర్లు.

ఉద్యోగము మారి టెక్సాసునకు పోయినవారు పాత యింటిని అద్దెకిచ్చి, మినహాయింపు నుపసంహరించుకొను పత్రమును దాఖలు చేయుట మరతురు. దానికి గడువు 90 దినములు. అచ్చట క్రొత్త యింటికి గూడ అట్టి మినహాయింపే పొందిరేని మిచిగన్‌లోనిది బొత్తిగా చెల్లదు. నిరాకరణము నడుచు సంవత్సరమునకే గాక వెనుకటి మూడేండ్లకును వర్తింపవచ్చును. పైని చెప్పిన యింటికి నాలుగేండ్లకు 7,200 డాలర్లు. దానిపై నెలకు నూటికి 1.25 వంతున వడ్డి, అనగా సాలునకు నూటికి 15! మన పల్లెల షావుకార్లను దూషించువారు ఈ లెక్కను గూడ చూతురు గాక.

ఇల్లింకను వారి పేరనే యున్నచో బాకీ యింటిపై భారమగును; చెల్లింపనిచో తుదకు ఇల్లే పోవును. కాని యా బిల్లు వెలువడుటకు పూర్వమే ఇల్లు సద్భావముతో కొన్నవారి చేతికి వచ్చియున్నచో బాకీ యింటి నంటదు. కొన్నవారికి బిల్లు పంపరాదు. రాష్ట్ర కోశశాఖ మినహాయింపు కోరిన పూర్వపు యజమానినే పట్టుకొనవలెను. ఇది ధర్మసమ్మతమని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. అఫిడవిట్‌పై చేవ్రాలు చేసి లాభము గుడిచినవారే ఋణగ్రస్తులు గదా.

మన చట్టముల మార్గము వేరు. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టమందును, 1965 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమందును ఇంటి పన్ను కట్టడముపై ప్రథమ భారము. కొన్నవారు ముందు చెల్లించి, పిదప అమ్మినవారిని న్యాయస్థానమున వెదకికొనవలసినదే. ఖజానాకిది సులభము, ఇల్లు పారిపోదు గదా! సామాన్యమైన బకాయిని కొనువారు విచారించి తెలిసికొనగలరు, దానికి మేమాక్షేపింపము. పన్నంతయు చెల్లినట్లే లెక్కలలో కనబడి, తరువాత వెనుకటి తేదీనుండి పుట్టింపబడు బాకీని మాత్రము ఎంతటి జాగరూకుడు కనిపెట్టగలడు? అట్టి బాకీల విషయముననైన మిచిగన్ పద్ధతిని మన శాసనసభలు స్వీకరింపవలెనని మా యభిప్రాయము.

అక్కడి చట్టమును నిర్దోషము కాదు. పన్ను విధించు అధికారి పొరపాటు నిరూపింపబడినచో వడ్డి మాఫీ కావచ్చును గాని అసలు తప్పదు. నిరాకరణముపై అభ్యంతరమునకు 35 దినములే గడువు. తాకీదు పాత చిరునామాకు పోయి అద్దెకున్నవారి బల్లపై పడియున్నను ఆ దినములు గడచుచునే యుండును. ఇల్లు విడిచినవారు ఉపసంహరణ పత్రమును, కొన్నవారు తమ పేర వేరుగా అఫిడవిట్‌ను జాగు సేయక దాఖలు చేసికొనవలెను.